నా కంప్యూటరుకు తగిన వేగం

నేను ధర్మవరంలో పట్టుచీరలకు డిజైన్లు గీస్తాను. ఇప్పుడు కాగితం మీద గీసేవాళ్లు తక్కువ. నేనూ కంప్యూటరు మీదే గీస్తాను. తెర నిండా గడులుంటాయి, ఒక్కో గడి ఒక్కో పోగు. ఫైలు పూర్తయ్యాక అట్టలు కొట్టే దుకాణానికి పంపుతాను. అక్కడ దాన్ని చూసి మిషను అట్టలకు రంధ్రాలు వేస్తుంది. ఆ అట్టల దండ మగ్గం మీదున్న జకార్డుకు ఎక్కుతుంది. రంధ్రం ఉన్నచోట పోగు పైకి లేస్తుంది, లేనిచోట లేవదు. నేను ఏం గీద్దామనుకున్నానో మగ్గానికి తెలియదు. ఫైల్లో ఏముంటే అదే చీరలోకి వస్తుంది.

ఈ మధ్య ఏళ్లలో షావుకార్లకు పెద్ద అంచుల మీద మోజు పెరిగింది. పాత చీరల ఫోటోలు తెచ్చి, ఈ హంసను తీసి ఆ తీగలో పెట్టు, ఈ కొంగును మూడు రంగుల్లో చూపించు అంటారు. ఫైళ్లు పెద్దవైపోయాయి. నా కంప్యూటరేమో పాతది. అందులో ర్యామ్ అనే మెమరీ బద్దలు రెండున్నాయి గానీ రెండూ చిన్నవే. కొంగు రంగు మార్చమని నొక్కి, వంటింట్లోకి వెళ్లి చారుకు పోపు పెట్టి వచ్చేదాన్ని. అప్పటికీ తెర మీద చక్రం తిరుగుతూనే ఉండేది. మెమరీ నిండిపోయిందని చివరికి అదే చెప్పింది.

మా మరిది, అంటే మా ఆయన తమ్ముడు, హిందూపురంలో ఒక ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. కంప్యూటరు ఆటల పిచ్చి ఎక్కువ. ఇంట్లో తనకోసం ఒక మిషన్ తయారు చేయించుకున్నాడు. అద్దాల పెట్టె, లోపల రంగు రంగుల లైట్లు. నా సంగతి వినగానే, "హిందూపురానికి రా వదినా, నాకు తెలిసిన అంగడి ఉండాది. బిరీన అయిపోతాది" అన్నాడు. మా ఆయనది రైల్వేలో ఉద్యోగం, డ్యూటీ ఎప్పుడు పడుతుందో తెలియదు. నేనొక్కదాన్నే రైలెక్కాను.

వెళ్లేముందు నేను కొంత చదువుకున్నాను. నా మిషన్‌లోని ప్రాసెసర్ పేరు పెట్టి వెతికితే, దాన్ని తయారుచేసిన కంపెనీ పేజీ దొరికింది. మెమరీ వేగం 2933 వరకు అని అందులో రాసి ఉంది. అంతకు మించి నడిపితే అది ఓవర్‌క్లాకింగ్, అంటే కంపెనీ మాట ఇచ్చిన హద్దు దాటించడం. ఆ పని నాకు వద్దు. ఆటలో మిషన్ ఆగిపోతే ఆట పోతుంది, అంతే. నా మిషన్‌లో ఒక్క గడి తప్పితే ఎవరి మగ్గం మీదో పోగు తప్పుతుంది. అందుకే అంగట్లో అడగడానికి ఒకే ఒక్క ప్రశ్న పెట్టుకున్నాను. ఏ సెట్టింగూ ముట్టుకోకుండా పెట్టేస్తే, ఈ మెమరీ నా మిషన్‌లో ఎంత వేగంతో నడుస్తుంది?

అంగడాయన నా ప్రశ్న మొత్తం విన్నాడు. విని, నన్ను అక్కడికి తీసుకొచ్చిన మా మరిది వైపు తిరిగాడు.

"సార్, ఇది చూడండి. 3600. హీట్ సింకు, లైట్లు, అన్నీ ఉండాయి. దుడ్లు కొంచెం ఎక్కువైనా ఇంగ పదేండ్లు చూడాల్సిన పన్లే."

"నా ప్రాసెసరుకు 2933 వరకే అని ఉందండీ" అన్నాను.

"మేడమ్‌కు మీరు చెప్పండి సార్. ఎక్కువుంటే ఎప్పుడూ మంచిదే గదా."

మా మరిది నాకు చెప్పాడు. "పెద్దది చిన్నదాంట్లో ఇమడదా వదినా? 3600ది 2933లో నడవదా ఏమి? అదే దిగుతాదిలే."

అద్దాల అరలో కింద పచ్చటి బద్దలు కనిపించాయి. వాటికి వేడి లాగే రెక్కల్లేవు, లైట్లు లేవు. వాటి మీద 3200 అని ఉంది. అవెందుకు కాకూడదని అడిగాను. అంగడాయన నవ్వి, ఈసారి కూడా మరిదికే చెప్పాడు. "అవి ఆఫీసులోళ్లు తీసుకునేవి సార్. టైమింగు చూడండి, 22. దీనిది 18. టైమింగు తక్కువుంటేనే ఫాస్టు."

వేగం అంకె పెద్దదైతే మంచిది. టైమింగు అంకె చిన్నదైతే మంచిది. ఈ లెక్కన రెక్కల బద్ద రెండు పందేల్లోనూ గెలిచింది. ఆ జత కొనుక్కుని సాయంత్రం రైల్లో ఇంటికి వచ్చాను.

మరునాడు పొద్దున పాత బద్దలు తీసి కొత్తవి పెట్టాను. లైట్లు వెలిగాయి. ఎర్రగా, నీలంగా, మళ్లీ ఎర్రగా. మిషన్ మొదలవుతుండగా మీట నొక్కి సెట్టింగ్స్ తెరలోకి వెళ్లి చూశాను. మెమరీ వేగం దగ్గర 2133 అని ఉంది.

మళ్లీ తీసి పెట్టాను. అరలు మార్చి పెట్టాను. 2133. పాత బద్దలు 2666లో నడిచేవి. అంటే ఇంత దూరం పోయి, ఇంత పెట్టి కొని, ఉన్నదానికన్నా నిదానమైనది ఇంటికి తెచ్చుకున్నాను. పైగా దీనికి లైట్లు.

మరిదికి ఫోన్ చేశాను.

"ఓ, ప్రొఫైలు ఆన్ చెయ్యాల వదినా. ఆడనే ఉంటాది చూడు. ఒక్క నొక్కుడు నొక్కితే 3600కు పోతాది."

"3600 వద్దు గదప్పా. నాకు 2933 చాలు. అది దానంతటదే రావాల."

"దానంతటదే రాదు వదినా. ప్రొఫైలు నొక్కల్ల."

ప్రొఫైల్ మీద వేలు పెట్టబోతే తెర మీద హెచ్చరిక వచ్చింది. ఇది ఓవర్‌క్లాకింగ్ కిందికి వస్తుంది, జరిగే నష్టానికి మాది పూచీ కాదు అని. నేను వెనక్కి వచ్చేశాను. అంగడికి ఫోన్ చేస్తే పెట్టె విప్పాక వాపసు తీసుకోరట. ఎందుకు ఇలా అయిందో చెప్పమని అడిగితే ఆయన, "సార్ ఉన్నారా మేడమ్? సార్‌కు ఫోన్ ఇవ్వండి" అన్నాడు. ఇంట్లో ఏ సారూ లేడని చెప్పి పెట్టేశాను.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. 2133లోనే అయినా నా పని మునుపటికన్నా బాగానే సాగింది. మెమరీ రెండింతలకు పైగా పెరిగింది కదా, తెర మీద చక్రం తిరగడం చాలావరకు పోయింది. నాకు కావలసింది ముఖ్యంగా చోటని, వేగం ఆ తర్వాతి మాటని అప్పుడు అర్థమైంది. అయినా సెట్టింగ్స్ తెర గుర్తొచ్చినప్పుడల్లా మోసపోయినట్టు ఒళ్లు మండేది. ఎవరు మోసం చేశారో కూడా చెప్పలేను. పెట్టె మీద అబద్ధం లేదు. అంగడాయన చెప్పిన ఏ ఒక్క మాటా విడిగా చూస్తే అబద్ధం కాదు. నేను అడిగినదానికి జవాబు మాత్రం ఎవరూ ఇవ్వలేదు.

తర్వాత మా బంధువుల ఇంట్లో పేరు పెట్టే ఫంక్షనుకు మరిది ధర్మవరం వచ్చాడు. నేను వంటింట్లో ఉండగా ముందు గదిలో కంప్యూటరు ముందు కూర్చున్నాడు. భోజనానికి పిలిస్తే లేచి వస్తూ, "కొంచెం క్లీన్ చేసినా వదినా. ఇంగ చూడు ఎట్లుంటాదో" అన్నాడు. దుమ్ము దులిపాడేమో, పనికిరాని ఫైళ్లు తీసేశాడేమో అనుకున్నాను. మంచిదే కదా అని వడ్డించాను.

ఆ రోజుల్లోనే ఒక షావుకారు నాకు హంసల అంచు పని ఇచ్చాడు. హంస, దాని పక్కన తీగ, మళ్లీ హంస. మెడ వంపు సరిగా రావడానికి నేను చాలా కష్టపడ్డాను. గడుల మీద వంపు గీయడం అంత సులువు కాదు. ఒక గడి ఇటు జరిగితే కొంగ అవుతుంది, అటు జరిగితే బాతు అవుతుంది. మధ్యలో మిషన్ ఒకసారి ఉన్నట్టుండి నీలం తెర చూపించి ఆగిపోయింది. ఇంకోసారి దానంతటదే ఆరి మళ్లీ వెలిగింది. ఎండాకాలం, కరెంటు సరిగా లేదనుకున్నాను. పని ముగించి, ఫైలు సేవ్ చేసి, అట్టల దుకాణానికి పంపేశాను.

కొన్నాళ్లకు ఫోన్ వచ్చింది. ఆ అట్టలు ఎక్కించుకున్న మగ్గం ఒక భార్యాభర్తలది. ఆయన నేస్తాడు, ఆమె పక్కన కూర్చుని అంచు పేక వేస్తుంది. ఆమే మాట్లాడింది.

"ఏమ్మా, ఈ హంసకు మెడ యాడ పోయింది?"

"మెడ పోవడమేందక్కా?"

"వచ్చి చూడుపో."

వెళ్లాను. మగ్గం మీద చీర మొదలై జానెడు దాటింది. అంచులో హంసలు వరసగా ఉన్నాయి. ప్రతి హంసకూ ఒంటి పైన మెడ సగం దాకా లేచి, అక్కడ తెగిపోయి, తల నాలుగైదు పోగులు పక్కకు జరిగి గాలిలో నిలబడి ఉంది. అన్ని హంసలూ అలాగే ఉన్నాయి. అంచంతా ఒకే డిజైను తిరిగి తిరిగి రావడం కదా, ఒకటి తెగితే అన్నీ తెగినట్టే.

"మొదటి హంసప్పుడే చూడలేదా అక్కా?" అన్నాను.

ఆమె భర్త నా ముఖం చూడకుండా అన్నాడు. "చూస్తిమి. కొత్త డిజైన్లు ఏమేమో వస్తాండాయి గదమ్మా. ఇదీ మోడలేమో, మనకెందుకులే అనుకుంటిమి. నాలుగు నేసినాక ఈమెకు అనుమానమొచ్చ."

ఆ మాట నాకు తగలాల్సిన చోట తగిలింది. నేను గీసిన బొమ్మ అంత దరిద్రంగా ఉన్నా, ఇది ఇంతేనేమో అని సర్దుకుని నేశారు. వేసిన పేకంతా ఇప్పుడు ఒక్కో వరస విప్పి తీయాలి. విప్పిన జరీ మళ్లీ పనికిరాదు. పడుగు పోగులు నలుగుతాయి. ఆమె కూర్చుని అప్పటికే మొదలుపెట్టింది. నేను పక్కన కూర్చుని పోగు పట్టుకోబోతే, "నీకు చేతగాదు, విడుచు" అంది. కోపంగా కాదు. అలసిపోయి.

తప్పు అట్టలు కొట్టినవాళ్లదే అని అక్కడికక్కడే తేల్చేసుకుని, నేరుగా ఆ దుకాణానికి పోయాను. దుకాణం నిండా మనుషులున్నా వీధిలోంచే గొంతు పెంచాను. "ఏమప్పా, అట్టలు చూసి కొట్టల్లా లేదా?" ఆ దుకాణదారు నన్ను చాలా ఏళ్లుగా ఎరిగినవాడు, నా పని చూసినవాడు. నేను పంపిన ఫైలు తన తెర మీద తెరిచి, హంస మెడ దగ్గర పెద్దది చేసి చూపించాడు. ఫైల్లోనే తెగి ఉంది. నేను గీసిన రోజు నా తెర మీద లేని తెగుడు, నేను పంపిన ఫైల్లో ఉంది. అంతమంది ముందు అరిచినదాన్ని అంతమంది ముందే తప్పైందని చెప్పి బయటికి వచ్చాను.

గీసింది బాగుంది, సేవ్ అయింది చెడిపోయింది. అంటే మధ్యలో నా మిషనే ఏదో చేసింది. ఇంటికొచ్చి చేతులు కూడా కడుక్కోకుండా సెట్టింగ్స్ తెర తెరిచాను. మెమరీ వేగం 3600. ప్రొఫైల్, ఆన్.

మరిదికి ఫోన్ చేశాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది.

"ప్రొఫైలు నువ్వే నొక్కినావా?"

"ఆ. బాగా పోతాందా?"

"వద్దని చెప్పినా కదా నీకు. చెప్పినానా లేదా?"

"చెప్పినావులే. భయపడతాండావని నేనే చేసిపెట్టినా. మంచికే చేసినా వదినా. నా తావ అట్లే నడుస్తాండాది, ఏమీ కాలేదు."

"నీది కొత్త ప్రాసెసరు, నాది పాతది. నీ ఆట ఆగిపోతే మళ్లీ ఆడుకుంటావు. ఈడ ఇద్దరు కూర్చుని జరీ విప్పుతాండారు."

మరిది, "హంస చెడిపోయింది మెమరీతోనే అని ఎట్ల చెప్తావు?" అన్నాడు. ఆ ప్రశ్నకు కోపంతో ఫోన్ పెట్టేశాను గానీ, అడగదగిన ప్రశ్నే. మరునాడు మెమరీని పరీక్షించే ఉచిత ప్రోగ్రాం ఒకటి పెట్టి నడిపాను. 3600లో ఉండగా పొద్దున మొదలుపెడితే, మధ్యాహ్నం అన్నం వేళకు తెర మీద ఎర్రటి వరసలు కనిపించాయి. రాసింది ఒకటి, తిరిగి చదివితే ఇంకొకటి. ప్రొఫైల్ తీసేసి 2133లో నడిపితే ఒక్క ఎరుపు కూడా లేదు. ఆ రెండు తెరలనూ ఫోటో తీసి మరిదికి పంపాను. చూశాడని రెండు నీలం గీతలు వచ్చాయి. జవాబు రాలేదు.

ఆ తర్వాత నేను కోపంతోనే చదివాను. ఎవరినీ అడగదలచుకోలేదు. తేలినదేమిటంటే, ప్రతి మెమరీ బద్దలోనూ అది ఏ ఏ వేగాలలో నడవగలదో ఒక పట్టిక రాసి ఉంటుంది. అందరూ ఒప్పుకున్న ప్రామాణిక వేగాలు అందులో ఉంటాయి. మిషన్ మొదలైనప్పుడు ఆ పట్టిక చదివి, తనకు చేతనైన అన్నిటికన్నా పెద్ద వేగాన్ని ఎంచుకుంటుంది. నేను కొన్న రెక్కల బద్దల్లో ఆ ప్రామాణిక మెట్లు 2133తోనే ఆగిపోయాయి. ఆ పైన ఉన్న 3600, తయారుచేసినవాళ్లు విడిగా రాసుకున్న ప్రొఫైల్. మధ్యలో మెట్టే లేదు. పెద్దది చిన్నదాంట్లో ఇమడదా అని మరిది అన్నాడు కదా, ఇమిడింది, కానీ మరీ అడుక్కు పోయి ఇమిడింది. అదే ఆఫీసులోళ్ల పచ్చ బద్దల్లో 3200 వరకు అన్నీ ప్రామాణిక మెట్లే. వాటిని నా మిషన్‌లో పెడితే ఎవరూ ఏదీ నొక్కకుండానే 2933 దగ్గర ఆగుతాయి.

మరి టైమింగు 22 సంగతి? దానికీ ఒక మధ్యాహ్నం పట్టింది. టైమింగు అంటే మెమరీని ఏదైనా అడిగాక, అది ఇవ్వడానికి ఎన్ని టిక్కులు ఆగుతుందో ఆ లెక్క. వేగం పెరిగితే టిక్కులు దగ్గర దగ్గరగా పడతాయి. నా రెక్కల బద్దలు 2133లో నడిచేటప్పుడు పదిహేను టిక్కులు ఆగుతున్నాయి. పచ్చ బద్దలు 3200లో ఇరవై రెండు టిక్కులు ఆగుతాయి. ఫోన్‌లో లెక్క వేసి చూస్తే ఆగే సమయం రెండింటికీ దాదాపు ఒకటే. మొదటి జవాబు కోసం ఆగే సమయం మాటే ఇది, ఆ తర్వాత సమాచారం అందించే వేగం మాత్రం పచ్చదానిదే ఎక్కువ. టైమింగు అంకెను వేగం అంకె పక్కన పెట్టి చూడాలి గానీ ఒంటరిగా చూడకూడదు. ఇంత చిన్న సంగతి ఆ రోజు ఆ అంగట్లో ఎవరైనా చెప్పి ఉంటే! ఆ పచ్చ బద్ద అరలో, నా చేతికందే దూరంలోనే ఉండింది.

2133తో పని నడుస్తున్నా ఆ పచ్చ బద్దలే కొనాలని పట్టుబట్టాను గానీ, హిందూపురం మళ్లీ పోవడానికి మనసొప్పలేదు. పెనుకొండలో బస్టాండు దగ్గర ఒక అంగడి ఆఫీసులకు కంప్యూటర్లు ఇస్తుందని తెలిసి బస్సెక్కాను. అక్కడ ఆయన నన్ను కూర్చోమన్నాడు, మంచినీళ్లు ఇచ్చాడు, మర్యాదలో లోటు లేదు.

"నా ప్రాసెసరు 2933 వరకు పోతుంది, దానికి డెస్క్‌టాప్ మెమరీ కావాలండీ. 3200, సాదాది. రెక్కలు వద్దు, ప్రొఫైలు వద్దు. పదహారు జీబీవి రెండు, రెండూ ఒకటే రకం."

"ఎవరు చెప్పి పంపినారమ్మా?"

"ఎవరూ చెప్పలేదు. నాకే కావాల."

ఆయన లోపల్నించి ఒక పెట్టె తెచ్చాడు. రెక్కలు. "ఇవి చూడండి, లైట్లు గూడా వస్తాయి."

"లైట్లు మా వీధిలో ఉండాయండీ. సాదాది చూపించండి."

"మీ ప్రాసెసరు 2933 అంటాండారు. మళ్ల 3200ది అడుగుతాండారే? అయితే 3600ది మాత్రం ఎందుకొద్దు?"

నేను తెలుసుకున్నదంతా చెప్పాను. ఆయన తల ఊపుతూ విన్నాడు. "ఏమోమ్మా. పెట్టె మింద ఏముంటే అది చూసి అమ్ముతాం మేము" అన్నాడు. నిజాయితీ ఉన్న మాటే. వెతికితే ఆ రకం ఒక్కటే దొరికింది. "ఇంగొకటి 2666ది ఉండాది. కలిపి పెట్టుకోండి."

"కలిపితే రెండూ 2666కే దిగుతాయండీ."

"దిగితే దిగనీలేమ్మా. లేదంటే మీ పాతవి రెండూ గూడా పెట్టేయండి. నాలుగు అరలుంటాయి గదా, నాలుగూ నింపుకోవచ్చు."

నాలుగూ నింపితే నా పాత ప్రాసెసరు ఇంకా కిందికి దిగుతుందని కంపెనీ పేజీలో రాసి ఉంది. ఆ మాట కూడా చెప్పాను. ఆయనకు విసుగొచ్చినట్టుంది, నాకు ఎప్పుడో వచ్చింది. తెప్పించి ఫోన్ చేస్తానన్నాడు. ఫోన్ చేశాడు. వెళితే లాప్‌టాప్‌కు పెట్టే పొట్టి బద్ద తెప్పించి ఉంచాడు. దాన్ని ఆయన చేతికే తిరిగి ఇచ్చేశాను. "అయ్యో, వాళ్లు తప్పు పంపినారమ్మా" అన్నాడు. హైవే మీద బస్సు కోసం నిలబడి, లారీల దుమ్ములో, నాకు ఏడుపొచ్చింది. మెమరీ కోసం ఎవరైనా ఏడుస్తారా? అది దానికోసం కాదని కూడా తెలుసు. నాకేం కావాలో స్పష్టంగా తెలుసు, స్పష్టంగా అడుగుతున్నాను, అడిగింది తప్ప అన్నీ దొరుకుతున్నాయి.

మూడోసారి వెళ్లినప్పుడు సరైనవి రెండూ ఉన్నాయి. రెండింటి మీదా అంకెలు ఒకదాని పక్కన ఒకటి పెట్టి సరిచూసుకుని తీసుకున్నాను.

ఇంట్లో రెక్కల బద్దలు తీసి పచ్చవి పెట్టాను. ఏ సెట్టింగూ ముట్టుకోలేదు. తెర మీద 2933 అని ఉంది. లేచి గంతేయాలనిపించలేదు. ఇది నాకు మొదటి రోజే రావలసిన అంకె అనిపించింది. పొద్దంతా పరీక్ష నడిపాను. ఎర్ర వరస లేదు. పనిలో తేడా ఏమైనా తెలిసిందా అంటే, 2133కూ దీనికీ కొంగు రంగు మార్చేటప్పుడు కొద్దిగా తెలిసింది. మనిషి పట్టించుకోకపోతే తెలియనంత కొద్దిగా. దీనికోసమా ఇదంతా అని నవ్వొచ్చింది, ఆ నవ్వులో సంతోషం లేదు.

హంస మెడ మళ్లీ గీశాను. సేవ్ చేసి, మూసి, మళ్లీ తెరిచి, మెడ దగ్గర గడి గడి చూశాను. పంపాక కూడా అట్టల దుకాణానికి పోయి వాళ్ల తెర మీద ఇంకోసారి చూశాను. ఆ దుకాణదారు కుర్చీ జరిపి చోటిచ్చాడు, అరిచిన సంగతి ఎత్తలేదు. షావుకారు మాత్రం ఊరుకోలేదు. "మీ మింద నమ్మకంతో ఇస్తే ఇట్ల చేస్తిరే" అని, నాకు చెప్పి ఉంచిన తర్వాతి కొంగు పని వేరేవాళ్లకు ఇచ్చేశాడు. మెమరీ గురించి ఆయనకేం చెప్పను? చెప్పాను కూడా. "అవన్నీ నాకెందుకమ్మా" అన్నాడు. ఆయన మాటా తప్పు కాదు.

మరిది ఒక ఆదివారం వచ్చి, రెక్కల బద్దలు అడిగి తీసుకుపోయాడు. తన మిషన్‌లో పెట్టుకున్నాడు. అవి అక్కడ 3600లో చక్కగా నడుస్తున్నాయట, ఒక్క తప్పు కూడా రాలేదట. ఆ సంగతి చెప్పడానికి ఫోన్ చేశాడు. "చూసినావా వదినా, బద్దల్లో ఏమీ తప్పు లేదు" అన్నాడు. అవునప్పా, లేదు అన్నాను. కాసేపటికి, "నేను అడిగి చెయ్యాల్సింది" అన్నాడు, చాలా చిన్నగా. వినబడనట్టు ఊరుకుందామనుకున్నాను గానీ, "అవును, అడగాల్సింది" అన్నాను.

చీర పూర్తయ్యాక మగ్గం ఆమె కబురు చేసింది. మడత పెట్టకముందు చూసుకో, వచ్చిపో అని. వాళ్ల ఇంట్లో చాప మీద చీర పరిచారు. కుంకుమ రంగు ఒళ్లు, పచ్చ అంచు, అంచంతా జరీ హంసలు. ఇంత పొడవు చీరలో నేను చూసింది మెడలు మాత్రమే. ఒక కొస నుంచి మొదలుపెట్టి, మోకాళ్ల మీద జరుగుతూ, ఒక్కో హంస మెడ మీద వేలు పెట్టి చూస్తూ పోయాను. ఆమె భర్త వాకిట్లో చెయ్యి కడుక్కుంటూ చూస్తున్నాడు. సగం దాకా వచ్చేసరికి ఆమె నా భుజం పట్టుకుని ఆపింది.

"చూసింది చాల్లేమ్మా. అన్నీ బాగుండాయి. నేసినోళ్లం మేము చూసుకోమా? లెయ్, సంగటి చల్లారిపోతాంది."

లేచాను. మిగతా సగం చూడాలని తినేటప్పుడు కూడా మనసు పీకుతూనే ఉంది. నేను చెయ్యి కడుక్కుని వచ్చేసరికి ఆమె చీర మడత పెట్టేసింది.